అత్త మింగిన సముద్రం

పక్కింటి అత్త మొన్న పొద్దున్నే పోయింది. మా దీవిలోని డైరీ ఫార్మ్ పేటలో మా వీధంతా ఒకటే మాట: "సునామీ ఇన్నాళ్లకి తీసుకుపోయింది." కాదు. తీసుకుపోయింది కడుపులో పెరిగిన లింఫోమా అనే క్యాన్సర్. జబ్బును దాని పేరుతో పిలవడానికి మనకెందుకింత మొహమాటం?

సునామీ రోజు అత్త ఇంకో దీవిలోని హట్‌బేలో చుట్టాలింట్లో ఉంది. మొదటి అలలో ఉప్పునీళ్లు మింగి, ఎలాగో మెరక ఎక్కింది. నీళ్లు వెనక్కి తియ్యగానే దిగబోయినవాళ్లను "దిగకండి, అది మళ్లీ వస్తాది!" అని కేకలేసి ఆపింది. అప్పట్నుంచీ ఇంట్లో కూరకు ఉప్పు వెయ్యకముందే తన వాటా చిన్న గిన్నెలోకి తీసుకునేది. "నా వంతు ఉప్పు ఆ రోజే తాగేశాన్రా" అనేది.

అందుకే కొన్నేళ్లకు కడుపునొప్పి మొదలైతే, ఆ ఉప్పే ఇంకా కోస్తోందన్నారు అందరూ. అత్త కూడా అదే నమ్మింది. గ్యాస్ మాత్ర వేసుకుని, మిడిల్ పాయింట్ కూడలిలో టిఫిన్ బండి పెట్టేది. ఒక్క ఇడ్లీకే కడుపు నిండిపోతోందని తెలిసి నాకు కాలు నిలవలేదు. ఆరోగ్యం మన హక్కని కరపత్రాలు చదివి ఊరంతా పంచినవాణ్ణి. పక్కింటికి పనికిరాకపోతే అవెందుకు?

"పరీక్ష చేయించుకో అత్తా!"

"నీ కాయితాల్లో నా కడుపు గురించి రాసుందేట్రా? చుప్, ఇడ్లీ తిను."

"నువ్వు ఆస్పత్రికొస్తేనే తింటా."

"అరే, ఈడి జిద్దు సూడు!" అంటూనే చెప్పులేసుకుంది.

నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండు కనిపించింది. చిన్న ముక్క తీసి మెయిన్‌లాండ్‌కు పంపారు. మన కడుపులో ఏముందో తెలియాలంటే కూడా సముద్రం దాటాల్సిందేనా? ఆ రోజుల్లో ఊరికే ఓడలాగే చాతం జెట్టీదాకా నడిచి వచ్చేవాణ్ణి. చివరికి వట్టి పుండేనని కబురొచ్చింది.

"సెప్పానా!" అంది అత్త. మందులు వాడినా చిక్కిపోతూనే ఉంది. నేను డాక్టరమ్మ మీద అరిచాను. ఆవిడ అరవలేదు. "నాకు అనుమానమున్న జబ్బు ఒక్కోసారి పైపొర కింద ఉంటుంది. ముక్క ఇంకా లోతునుంచి తియ్యాలి. ముందు ఆవిణ్ణి ఒప్పించు" అంది.

"మళ్లీ గొట్టమా? నా వల్ల కాదు" అంది అత్త.

"మొదటి అల వెనక్కెళితే దిగొద్దన్నదెవరు అత్తా?"

 మర్నాడు అత్త నాకంటే ముందే ఆస్పత్రిలో కూర్చుంది.

ఈసారి జబ్బు పేరు దొరికింది. "పేరు తెలిసినోడితోనే కదరా దెబ్బలాట" అని విశాఖ వెళ్లి మందెక్కించుకుంది. జుట్టు ఊడింది గానీ నోరు తగ్గలేదు. తిరిగొచ్చి ఏడాదిపైగా బండి నడిపింది. ఆ తర్వాత జబ్బు మళ్లీ వచ్చింది.

నిన్న అత్త కూతురు పప్పు వండింది. ఉప్పు డబ్బా మూత తీసి, ఆగి, అలవాటుగా కాస్త పప్పు చిన్న గిన్నెలోకి తీసింది. మేం తినడం అయిపోయింది. గిన్నె అక్కడే ఉంది.