రోమ్‌కి గంటగంటకీ ప్లాన్

ఎనభైల్లో మేము ఇల్లినాయ్‌లోని అరోరాలో ఉండేవాళ్ళం. ఒక వేసవికి రోమ్ వెళ్దామనుకున్నాం. మావారు రెండు నెలలు మ్యాప్ ముందేసుకుని, ఏ రోజు ఏ గంటకి ఏది చూడాలో లిస్ట్ టైప్ చేశారు. అంతకుముందే రోమ్ వెళ్ళొచ్చిన పక్కింటి అమెరికన్ ఆవిడని అడిగితే, పాస్‌పోర్ట్ ఉంటే చాలంది. సరేననుకున్నాం.

ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ అమ్మాయి మా పాస్‌పోర్ట్‌లు తిరగేసి, ఇటలీ వీసాలేవని అడిగింది. గ్రీన్‌కార్డులు చూపించాం. అవి అమెరికా తిరిగి రావడానికేననీ, మీవి ఇండియన్ పాస్‌పోర్ట్‌లు కదా అనీ మెల్లగా చెప్పింది. అమెరికాలోనే పుట్టి, అక్కడి పాస్‌పోర్టే ఉన్న మా ఆరేళ్ళ పాప మాత్రం వెళ్ళొచ్చట! వెనక క్యూ అంతా మమ్మల్నే చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పాప వాళ్ళ నాన్న చొక్కా లాగి, "డాడీ, లిస్ట్ నాకు ఇవ్వు. నేను అన్నీ చూసి వచ్చి నీకు చెప్తా," అంది.

ఆయన నవ్వేసి, మడిచిన ఆ కాగితాలు దాని చేతిలో పెట్టేశారు.

అన్నేళ్ళు పక్కపక్కన ఉండేసరికి, ఆ పక్కింటావిడకి చాలింది మాకూ చాలుతుందనుకున్నాం. మేము మళ్ళీ ప్రయత్నించలేదు. కాలేజీ రోజుల్లో పాప ఆ కాగితాలు పట్టుకునే రోమ్ వెళ్ళింది. వచ్చి, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని గంటగంటకీ చెప్పింది.