వంద కోళ్లయితేనే వస్తానన్నాను

2014. అవతల తెలంగాణ కొత్త రాష్ట్రమైన ఏడాది. ఇవతల మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలో నేను లైవ్‌స్టాక్ సూపర్‌వైజర్‌ని. అంటే పశువుల డాక్టరు కింద ఊళ్లు తిరిగి టీకాలు వేసే మనిషిని. ఊళ్లు చాలా, ఐస్‌బాక్స్ ఒక్కటే. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ.

వానాకాలం మొదట్లో సరిహద్దు పల్లె నుంచి పోశక్క వచ్చింది. ఆమె కోళ్లు రాణిఖేత్ తగిలి నాలుగు రోజుల్లో పోయాయట. మెడ మెలితిరిగి చచ్చిపోయే జబ్బు అది. మిగిలిన ఒక్క పెట్ట పది పిల్లల్ని చేసింది.

"వీటికన్న మందెయ్యుండ్రి సారు. మల్ల గట్లయితే నేను సూడలేను. ఆదిలాబాద్ దిక్కు అడిగితే, మీది మహారాష్ట్ర, అటే పో అన్నరు."

"పదకొండు కోళ్లకు వయల్ తియ్యరాదక్కా. వంద కోళ్లయితే చెప్పు, వస్త" అన్నాను.

వయల్ అంటే మందుపొడి ఉన్న చిన్న సీసా. ఒక్కోదాంట్లో వంద డోసులుంటాయి. నీళ్లు కలిపాక గంటా రెండు గంటల్లో వాడకపోతే పారబోయడమే. ఆ మాట అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాను, మర్చిపోయాను.

మరుసటి ఎండాకాలం ఫోనొచ్చింది. "సారూ, తొంభై ఆరైనయి. పక్కూర్ల రోగమొచ్చింది. నాలుగు తక్కువున్నయి, జర అడ్జస్ట్ చేసి రారాదుండ్రి?"

ఏం తొంభై ఆరో నాకు అర్థం కాలేదు. తెల్లవారి వెళ్లి చూస్తే తెలిసింది. ధాన్యం పోసే గుమ్మిలో కోళ్లు, మంచం కింద కోళ్లు, పాత టైర్లో పొదుగుతున్న పెట్ట. కోళ్లకు ఇల్లు వదిలి ఎడ్లకొట్టంలో పడుకుంటున్న ఆమె భర్త రాజన్న, ఒంటి మీది గడ్డి దులుపుకుంటూ వచ్చాడు.

"మీరు వంద గావాలె అన్నరట గదా! ఏడాదాయె, ఒక్క కోడిని కొయ్యనియ్యలే. మా బామ్మర్దొస్తే గూడ వంకాయ కూరనే పెట్టింది."

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ ఏడాదిలో ఏ రోజైనా జబ్బు ఆ గడపలోకి రావచ్చు. టీకా లేకుండా ఆమె ఒక్కొక్కటే పెంచుతూ, భయంతో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

చకచకా మందు కలిపాను. రాజన్న పట్టిస్తుంటే కంట్లో ఒక్కో చుక్క వేశాను. తొంభై ఆరూ అయ్యాక ఇంకా మందు మిగిలింది. అది చూసి పోశక్క గోడ దాటి పోయి, పక్కింటి గంగక్క కోళ్లు నాలుగు చంకలో పెట్టుకొచ్చింది. వాటికీ వేశాను.

ఆమె ఖాళీ సీసా వైపు చూసింది. తర్వాత నా వైపు.

"సారూ, గిట్ల నలుగురియి కలిపినా అయితుండెనా?"

"అయితుండె అక్కా."

"మరి గా ముక్క పోయినేడు చెప్పకపోతిరి!"

ఒక్క క్షణం తిడుతుందేమో అనుకున్నాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడి నవ్వింది. రాజన్న మాత్రం నవ్వలేదు.

ఆ పల్లెకు తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఐస్‌బాక్స్ ఆమే మోసేది. ప్రతి వాకిట్లో నాకంటే ముందు తనే అరిచేది: "వంద చేస్తమని కూసోకుండ్రి! రెండున్నా పట్టుకరాండ్రి!" మా పనిలో ఒక నియమం చెప్పేటప్పుడు, దాన్ని ఎలా నెరవేర్చాలో కూడా చెప్పాలని నేను నేర్చుకున్నది ఆ కేక వింటూ వెనకాల నడుస్తూనే.