పెద్దక్క పోసిన రెండో శాంపిలు

ఆ శుక్రవారం పొద్దున ఆరున్నరకు, రొళ్ల దగ్గరి ఒక పల్లె పాలసెంటరులో, పెద్దక్క పేరు మీద రెండు శాంపిళ్లు పడ్డాయి. మొదటిది క్యానులోంచి తీసిన ఆవుపాలు. రెండోది చిన్న స్టీలు గ్లాసులో, పైన కొంగు కప్పి తెచ్చింది. సెంటరు నడిపే తిమ్మప్ప మనుషుల ముఖాలు చూడడు, పాలలో వెన్న కొలిచే మిషను ముఖమే చూస్తాడు. రెండోదాన్నీ మిషనుకు పెట్టాడు. చీటీ వచ్చింది. ఫ్యాటు ఒకటి పాయింటు తొమ్మిది. కలిపిన నీళ్లు పద్దెనిమిది శాతం.

"నీళ్లు కలిపినావు పెద్దక్కా," అన్నాడు తిమ్మప్ప, వరసలో ఉన్న అందరికీ వినబడేలా.

ముప్పై ఏళ్లుగా పాలు పోస్తూ చుక్క నీళ్లు కలపని మనిషి పెద్దక్క. ఆ మాట పడలేకపోయింది.

"నేనెందుకు కలుపుతానప్పా? అవి ఆవుపాలు గాదు, మా కోడలివి!"

వరసలో ఉన్న మగవాళ్లంతా ఎవరి క్యాను మూత వాళ్లు శ్రద్ధగా పరిశీలించుకున్నారు. తిమ్మప్ప మిషనును మూడుసార్లు కడిగాడు. ఇంటికి వచ్చి, చీటీని భార్య ముందు పెట్టి, "ఇది నీ డిపార్టుమెంటు," అని చెప్పి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

భార్య రామలక్ష్మమ్మ ఆ ఊరికి ఆశా కార్యకర్త. పుట్టిల్లు పెనుకొండ. పదకొండేళ్ల కిందట శిక్షణ కూడా అక్కడే అయింది. బిడ్డకు బదులు మడిచిన తువ్వాలు చేతికిచ్చి, పాలెలా పడతావో చూపమన్నారు. చూపింది. నలభై మంది నవ్వారు. తువ్వాలు కాళ్లు పైకి, తల కిందికి ఉన్నాయట. నర్సమ్మ వచ్చి తువ్వాలును తిప్పి, కడుపుకు కడుపు ఆనించి పట్టుకోవడం చూపించింది. రామలక్ష్మమ్మ కూడా నవ్వింది గానీ, తన పెద్దకొడుకును పుండ్లు పడి, ఏడ్చి, పదిహేనో రోజుకే డబ్బాపాలకు మార్చింది ఎందుకో ఆమెకు అప్పుడే అర్థమైంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. బదులుగా ప్రతి బాలింత ఇంటికీ వెళ్లి తువ్వాలు సంగతి చెబుతూ వచ్చింది. విన్నవాళ్లు తక్కువ. ఆమె పదకొండేళ్ల మాటను పక్కనపెట్టి, మిషను ఇచ్చిన చీటీని మాత్రం ఊరంతా గంటలో నమ్మేసింది.

ఎలాగూ ఆ రోజు పెద్దక్క మనవడికి ఇరవై ఒకటో రోజు, ఇంటికి వెళ్లి తూకం వేయాల్సిన రోజు. సంచీ తగిలించుకొని బయల్దేరింది.

పెద్దక్క చెడ్డ అత్త కాదు. ధర్మవరంలో వియ్యపురాలు మగ్గం దిగే వీలు లేదంటే, కోడలు పవిత్రను ఆసుపత్రి నుంచి నేరుగా తన ఇంటికే తెచ్చుకొని వెల్లుల్లి కారంతో అన్నం తినిపిస్తోంది. ఇంత చేస్తున్నా బిడ్డ ఏడుపు ఆపకపోతే ఇక లోపం పాలలోనే ఉందని తేల్చుకుంది. రామలక్ష్మమ్మ వెళ్లేసరికి పెద్దక్క కొడుకు హరీష్ బండి తాళం చేత పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"యాడికి పోతాండావబ్బా?"

"హిందూపురానికక్కా. డబ్బా తెమ్మంది అమ్మ."

"మిషనే చెప్పె గదా నీళ్లపాలని," అంది పెద్దక్క. "ఇంగ నువ్వేం చెప్తావు?"

గదిలో పవిత్ర తల ఎత్తలేదు. తన పాలకు చీటీ వచ్చిన సంగతి ఆమెకూ చేరింది.

రామలక్ష్మమ్మ బిడ్డను జోలెలో వేసి తూచింది. రెండు కిలోల ఎనిమిది వందల యాభై. పుట్టినప్పటికంటే యాభై గ్రాములే ఎక్కువ. అది తక్కువేనని దాచకుండా చెప్పింది. నిన్నటి నుంచి ఎన్ని గుడ్డలు తడిపాడని అడిగింది. ఆరు. "అయితే పాలు ఉండాయి. ఇప్పుడు నా ముందర పట్టు పాపా," అని పవిత్ర పక్కన కూర్చుంది.

బిడ్డ కొసను మాత్రమే అందుకున్నాడు. పవిత్ర పెదవి కరుచుకుంది. మూడు నిమిషాలు కాకముందే గుమ్మంలోంచి పెద్దక్క, "చాలు, ఆ పక్క మార్చు. రెండూ సమంగా తాగాల," అంది. మార్చింది. ఇంకో మూడు నిమిషాలు. తర్వాత ఏడుపు.

రామలక్ష్మమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"పెద్దక్కా, నువ్వు ఆవు పిండేటప్పుడు మొదటి ధారలు ఎవరికి ఇడుస్తావు?"

"దూడకు."

"సెంటరుకు?"

"చివరివి. వెన్నంతా ఆడే గదా ఉండేది. దినామూ నీ మొగుడే కొలుస్తాడు, తెలీదా?"

"మరి ఈ పొద్దు గ్లాసులో పోసింది ఏ పాలు?"

 పవిత్ర పిండి ఇచ్చింది మొదటి ధారలే.

"మొదటి పాలు పల్చగానే ఉంటాయి, దప్పికకు. చిక్కటివి చివర్లో వస్తాయి. ఆడికి పోకముందే వాణ్ని నువ్వు లాగేస్తాండావు."

"నేనేమన్నా ఆవునా అక్కా?" అంది పవిత్ర, తల ఎత్తి.

"ఆవైతే ఇన్ని మాటలు పడుంటుందా పాపా? ఎప్పుడో తన్నుండేది."

పవిత్రకు నవ్వొచ్చింది. నవ్వినప్పుడు భుజాలు దిగాయి. రామలక్ష్మమ్మ బిడ్డను తువ్వాలులాగే తిప్పింది. కడుపుకు కడుపు, గడ్డం రొమ్ముకు తగిలేటట్టు. పై పెదవికి తాకిస్తే వాడు ఆవలించినంత నోరు తెరిచాడు. అప్పుడు దగ్గరికి అదిమింది. కొస ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నలుపు చాలా వరకు లోపలికి పోయింది. పవిత్ర పెదవి కరుచుకోలేదు. గుటక వినబడింది.

"వాడే ఇడిచేదాకా ఒక పక్కే. ఆ తర్వాత రెండోది, కావాలంటే. ఆకలైనప్పుడల్లా పట్టు, గడియారం చూడొద్దు."

హరీష్ వైపు చూసి, "ఏడు రోజులియ్యి. అప్పటికీ పెరక్కపోతే నేనే పెద్దాసుపత్రికి పిల్చుకొని పోతా, డాక్టరు ఏం చెప్తే అది. మధ్యలో గుడ్డలు తడిపేది తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా ఏడు రోజులు ఆగొద్దు, వెంటనే ఫోను చెయ్యి," అంది. హరీష్ తాళం మేకుకు తగిలించాడు.

ఆ వారమంతా రామలక్ష్మమ్మ, పని ఉన్నా లేకున్నా, ఆ వీధినే నడిచింది. తూకం పెరగకపోతే ఇక ఈ ఊళ్లో ఏ కోడలినైనా గ్లాసుతో సెంటరుకే పంపుతారని ఆమెకు తెలుసు. బిడ్డ సంగతి అడగడానికి సిగ్గుపడే తిమ్మప్ప రోజూ చెంబు కడుగుతూ, "ఆ రెండో శాంపిలు ఏమాయ?" అనేవాడు.

ఇరవై ఎనిమిదో రోజు జోలె త్రాసు కొక్కేన్ని కిందికి లాగింది. ముల్లు ఆగింది. మూడు కిలోల ఎనభై గ్రాములు.

"సరిగ్గా చూడక్కా," అంది పవిత్ర. రామలక్ష్మమ్మ మళ్లీ తూచింది. అంతే. పవిత్ర బిడ్డను తీసుకొని, ఎవరూ చెప్పకుండానే కడుపుకు కడుపు ఆనించుకొని, గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది.

పెద్దక్క సంతోషించింది. అయితే సంతోషాన్ని ఊరికే బయట పెట్టే అలవాటు ఆమెకు లేదు.

"అంతా బాగుండాది గానీ రామలక్ష్మీ, వాడు అరగంట ఇడిచిపెట్టడు, రెండు గంటలకు మళ్లా లేస్తాడు. నా కోడలు పొయ్యి మొగం చూసి వారమాయ. ఇంట్లో రాగిముద్ద ఎవురు కెలకాల?"

రామలక్ష్మమ్మ జోలె మడిచి సంచీలో పెట్టుకుంది.

"నువ్వే కెలుకు పెద్దక్కా, రెండో శాంపిలుకు ఫ్యాటు బాగొస్తాది."