పదిహేడో నంబరు కార్డు

దయ్యాల విషయంలో నేను మొదటినుంచీ మొండివాణ్ణి. శ్మశానం పక్క చేలో ఒంటరిగా పత్తికి నీళ్ళు పెట్టాను. గట్టు మీద హార్మోనియం పెట్టుకుని సాధన కూడా చేశాను. ఆ చేలో దయ్యమనేది ఉండి ఉంటే నా సాధన విని జిల్లా దాటిపోయి ఉంటుందని మా ఊళ్ళో అంటారు. అంతటి నమ్మకం లేనివాణ్ణి, ఒక పోస్టుకార్డు దగ్గర మాత్రం ఇప్పటికీ నోరు మూసుకుంటాను.

తొంభైల చివరి సంవత్సరాలు. పర్చూరు పక్కన మా ఊరు. ముగ్గురం కలిసి పాటలు కట్టేవాళ్ళం. హార్మోనియం నాది. డోలక్ కోటయ్యది. రాసేదీ పాడేదీ మస్తాన్. వాడి వృత్తి బోరు మోటార్లకు వైండింగ్ చేయడం. కాలిపోయిన మోటారును పక్కన పెట్టుకుని, దాని మీదే పాట కట్టగల సమర్థుడు.

ఆ ఏడు పత్తికి ధర పలకలేదు. కోటయ్య వాళ్ళమ్మ ఆదెమ్మ గారు, ధర వచ్చేదాకా అమ్మేది లేదని నడింట్లో దూలాల దాకా పత్తి పోయించింది. మేము ఆ పత్తిని మధ్యలో తవ్వి, గుహ లాంటిది చేసుకుని లోపల కూర్చున్నాం. ఆ గదిలో తుమ్మితే తుమ్ము తిరిగి మన చెవికి చేరదు. మద్రాసులో పెద్ద పెద్ద సినిమా వాళ్ళకు కూడా అంత నిశ్శబ్దమైన రికార్డింగు గది ఉండి ఉండదని నా గట్టి అభిప్రాయం.

ఆదెమ్మ గారు గుమ్మంలో నిలబడి, అగ్గిపెట్టెలు ఉన్నాయేమోనని మా జేబులు తడిమి గాని లోపలికి పంపేది కాదు. "బీడీలు కాల్చుకునే మొహాలు మీరూనూ. పత్తి మీద కూర్చోమాకండి, తూకం తగ్గిద్ది" అనేది. కూర్చుంటే తూకం ఎట్లా తగ్గుతుందో ఆమెను అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. ఫ్యాన్ వేస్తే పత్తి లేస్తుంది గనక ఫ్యాను లేదు. ఒక్కో పాటకు ఒక్కొక్కరం బిందెడు చెమట కార్చాం. మస్తాన్ చరణానికీ చరణానికీ మధ్య నోట్లోంచి దూది తీసుకునేవాడు.

అట్లా ఏడు పాటలు క్యాసెట్లోకి ఎక్కించాం. ముందువైపు ఐదు, వెనకవైపు రెండు. తర్వాత వెనకవైపంతా ఖాళీ. నిజానికి ఎనిమిదో పాట ఒకటుంది. అది మస్తాన్ వాళ్ళక్క కాశింబీ మీద కట్టింది. తల్లి పోయాక మిరపకాయ కోతలకు పోయి వాణ్ణి పెంచిన మనిషి. ఒకరోజు కోత నుంచి వచ్చి ఆ చేతులతోనే అన్నం పెడుతుంటే వీడి కళ్ళు మండాయి. వీడు ఏడిస్తే ఆమె కంగారుపడి అదే చేత్తో కళ్ళు తుడిచింది. రెండో చరణం అదే.

ఆ పాట మస్తాన్ ఒక్కసారే పాడాడు. అప్పుడు కరెంటు లేదు, టేపు తిరగలేదు. గదిలో మేం ముగ్గురమే, గుమ్మంలో ఆదెమ్మ గారు కూడా లేదు. పాడగానే వాడికి సిగ్గేసింది. "ఆ చోటికొచ్చేసరికి జనం నవ్వుతార్రా. ఇది వద్దు" అని కాగితం చింపి జేబులో వేసుకున్నాడు. కరెంటు వచ్చినా మళ్ళీ పాడలేదు.

'పత్తి గది పాటలు' అని పేరు పెట్టి, రెండు క్యాసెట్లు పట్టే టేపురికార్డరు మీద ముప్పై కాపీలు తీశాం. ఒక్కో దాంట్లో మా చిరునామా రాసిన పోస్టుకార్డు ఒకటి పెట్టాం, విన్నవాళ్ళు అభిప్రాయం రాసి డబ్బాలో వేస్తారని. కార్డు మూలన ఎర్రసిరాతో క్యాసెట్ నంబరు నేనే వేశాను. ఇరవై ఐదు క్యాసెట్లు చీరాల, ఇంకొల్లు, సింగరాయకొండ దుకాణాలకూ బస్సు డ్రైవర్లకూ మా పోస్టుమాన్‌కూ ఇచ్చాం. పదహారు నుంచి ఇరవై దాకా ఐదు మాత్రం చుట్టాలకని మా ఇంట్లో బీరువాలో పెట్టాను.

అప్పటికే మస్తాన్‌ను హైదరాబాదులో మోటార్ల కంపెనీకి రమ్మని వాళ్ళ బాబాయి కబురు పెట్టాడు. వాడు మాకు తెగేసి చెప్పాడు. "ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నా పాట మళ్ళీ మళ్ళీ వింటన్నామని రాస్తే ఉంటా. లేదంటే శుక్రవారం చీరాలలో బండెక్కుతా. ఇంక పాటా లేదు, గీటా లేదు."

కార్డులు రావడం మొదలైంది. ఇంకొల్లు ఆయన: డోలక్ బాగుంది, పాడే అతను కాస్త విశ్రాంతి తీసుకుంటే ఇంకా బాగుంటుంది. చీరాల నుంచి ఒకావిడ: మీ పాట పెట్టాక మా గేదె పాలు ఎగ్గొట్టింది. సింగరాయకొండ ఆయన అందరికంటే మర్యాదస్తుడు: వెనకవైపు ఖాళీ చాలా ఉంది, అందులో నాకిష్టమైన పాటలు ఎక్కించుకున్నాను, కృతజ్ఞతలు.

పధ్నాలుగు కార్డులు వచ్చాయి. మస్తాన్ పెట్టె సర్దుకున్నాడు. దొంగ కార్డు ఒకటి నేనే రాద్దామా అని నాకు బుద్ధి పుట్టిన మాట నిజం. రాయలేదన్న మాట కూడా నిజం. నా దస్తూరి చూస్తే కోడి కూడా తనదేనని ఒప్పుకుంటుంది, ఇట్టే దొరికిపోతాను.

గురువారం మధ్యాహ్నం పోస్టుమాన్ సాంబయ్య గారు వచ్చాడు. కార్డు చేతికిచ్చే ముందు తను చదవడం ఆయన పద్ధతి. గేటు దగ్గర నుంచే, "ఏందయ్యా, వెనకవైపు మూడో పాటంట. నాకిచ్చిన క్యాసెట్లో రెండే గదా ఉన్నయ్యి? నాకు తక్కువ పాటల్ది అంటగట్టారా?" అన్నాడు.

కార్డు మీద గుండ్రటి అక్షరాలు. పేరు లేదు. "వెనకవైపు మూడో పాట రోజూ వింటున్నాను. రెండో చరణంలో అక్క అదే చేత్తో తమ్ముడి కళ్ళు తుడిచే చోట పరిగెత్తవద్దు. అక్కడ ఒక్క క్షణం ఆగి పాడండి. మిగతాది ముట్టుకోవద్దు."

మూలన ఎర్రసిరా. పదిహేడు. నా ఏడుకు నడుములో అడ్డగీత ఉంటుంది. ఉంది.

కోటయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "ఒరేయ్, నువ్వే గదరా రాయించింది?"

"రాయించడానికి ఆ పాట నాకు గుర్తుండొద్దూ? హార్మోనియం వాయించేప్పుడే గుర్తుండదు."

ఆ మాటతో వాడు నమ్మాడు. నా ప్రతిభ మీద వాడికి అంత గురి.

ముగ్గురం మా ఇంటికి వెళ్ళాం. బీరువా తాళం మా అమ్మ బొడ్లోనే ఉంది. లోపల ఐదు క్యాసెట్లు, నేను కట్టిన దారంతోనే ఉన్నాయి. నాలుగింట్లో కార్డులున్నాయి. పదిహేడో దాంట్లో లేదు. ఆ క్యాసెట్ వేసి విన్నాం. రెండు పాటలయ్యాక సుయ్యిమనే చప్పుడు. ముగ్గురు పెద్ద మనుషులం పట్టపగలు ఆ సుయ్యిని చివరిదాకా, అరగంట, తలలు ఊపకుండా విన్నాం. ఏమీ లేదు.

మస్తాన్ కార్డు ఇంకోసారి చదివాడు. తర్వాత జేబులోంచి చింపిన ముక్కలు తీశాడు. ఇన్నాళ్ళూ చొక్కా మార్చినప్పుడల్లా జేబు మారుస్తూ దాచుకున్నాడన్న సంగతి మాకప్పుడే తెలిసింది.

"ఆగి పాడితే ఎట్టుంటదంటావురా?" అన్నాడు మెల్లగా.

ఆదెమ్మ గారు మళ్ళీ జేబులు తడిమింది. పత్తి గుహలోకి దూరాం. దేవుడి దయవల్ల కరెంటు ఉంది. ఆ చోటికి వచ్చేసరికి వాడు ఆగాడు. కోటయ్య డోలక్ మీద చెయ్యి లేపి అట్లాగే ఉంచాడు. నా హార్మోనియం కూడా, చరిత్రలో మొదటిసారి, సమయానికి మూగబోయింది. ఆ క్షణంలో గుమ్మం దగ్గర ఆదెమ్మ గారు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నవ్వలేదు.

శుక్రవారం బండి మస్తాన్ లేకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత విచారణ చేశాం. కార్డు మీద పోస్టు ముద్ర సగం చెరిగిపోయినా కనిగిరి అని తెలుస్తోంది. మేం కనిగిరికి ఒక్క క్యాసెట్ పంపలేదు. బస్సెక్కి వెళ్ళి దుకాణాల్లో అడిగాం, మమ్మల్ని చూసి జాలిపడి టీ ఇచ్చారు. కాశింబీ రాయించిందా అంటే, ఆమెకు అసలు అలాంటి పాట ఉందనే తెలియదు. వినిపిస్తే, "వీడి కళ్ళు మండితే పాటైంది. నా చేతులు రాత్రంతా మండినై, దానికేం కట్టావురా?" అంది. మస్తాన్ తలొంచుకుని నవ్వాడు. ఆ చేతుల మీద ఇంకో చరణం ఆ నెలలోనే వచ్చింది.

నేను వేసిన లెక్కలన్నీ ఎక్కడో ఒకచోట తెగిపోతాయి. కార్డు బీరువాలోంచి పోయిందనుకుంటే పాట సంగతి తేలదు. పాట కిటికీలోంచి ఎవరో విన్నారనుకుంటే, కిటికీని నిలువునా పత్తి మూసేసింది. కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరొచ్చినా చూపిస్తాను. నా మాట నమ్మని వాళ్ళు కూడా దాన్ని రెండుసార్లు తిప్పి చూస్తారు.

ఎనిమిది పాటలతో మళ్ళీ కాపీలు తీశాం. ఈసారి కార్డులు బాగానే వచ్చాయి. వెనకవైపు మూడో పాట బాగుందని చాలామంది రాశారు. తమాషా ఏమిటంటే, వాళ్ళలో సగం మంది, రెండో చరణంలో టేపు చిక్కుకున్నట్టు ఒకచోట ఆగుతోంది, సరిచేయండి అని కూడా రాశారు.

కోటయ్య ఆ కార్డులన్నీ మస్తాన్ ముందు పరిచాడు. "ఇంతమంది చెప్తన్నారు గదరా, ఆ గ్యాపు తీసేద్దాం."

మస్తాన్ ఒక్కో కార్డూ చదివి, జాగ్రత్తగా సర్ది, మోటారు బరువు కింద పెట్టాడు. "వీళ్ళు చెప్పేదీ నిజమేరా. కానీ ఆ మనిషి రోజూ వింటన్నాడంట గదా," అన్నాడు.