నాయిన ట్రాక్టర్ బ్యాటరీ

మొన్న ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీ పెట్టడానికి మేడ్చల్ నుంచి మెకానిక్ వచ్చాడు. పాతదాన్ని పారేయడానికి మనసొప్పక, దాన్నీ కలపమన్నాను. నవ్వాడు. "వద్దక్కా. పాతది కొత్తదాన్ని గుంజుకుంట కూసుంటది. తెల్లారేసరికి రెండూ సస్తయి." అతని చాయ్ కోసం వంటింట్లోకి వెళ్లి, స్టవ్ వెలిగించకుండానే చాలాసేపు నిలబడిపోయాను.

చాలా ఏళ్ల కింద మా అన్న శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ల కోసం బ్యాటరీతో నడిచే పడవ చేశాడు. పెళ్లిళ్లకు వచ్చినా గ్రీజు వాసన వచ్చే మనిషి. "ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. గిట్ల కలిపితే జోరు పెరగదు చెల్లె, నడిచే సేపు పెరుగుతది" అని చెప్పేవాడు. బడి మొహం చూడకుండా నాయిన దగ్గరే అక్షరాలు దిద్దిన నాకు అదీ ఒక చదువే. పడవ అవతలి గట్టు దాకా పోయి వస్తే ఇంకో ఆరు చేయిస్తామన్నారు చేపలు పట్టేవాళ్ల సంఘం పెద్దలు. అప్పుడు అన్నకు సొంత షెడ్డు. లేదంటే మళ్లీ గోదాములో మూటలు.

పడవకు రెండు కొత్త బ్యాటరీలు బిగించి ఉన్నాయి. పడవను నడిపి చూపించే ముందురోజు సాయంత్రం నేను, కాలం చేసిన నాయిన ట్రాక్టర్ బ్యాటరీని తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి తీసుకుపోయాను. మన కడుపులు నింపినదాన్ని పక్కన పెడితే నాయినను మరిచినట్టేనని ఏడ్చాను. దాన్ని కృతజ్ఞత అనుకున్నాను. అన్న దాని వంకా నా వంకా చూసి, ఒక కొత్తది విప్పి ఆ చోట నాయినది కలిపాడు.

పొద్దున పడవ నడిచెరువులో ఆగిపోయింది. గట్టు మీంచి సంఘం పెద్దాయన, "ఏందయ్యా, నీ మోటరు పండుకున్నదా? జోల పాడాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న చెక్కముక్కతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకు వచ్చి, "నా లెక్కే తప్పింది పెద్దయ్యా" అన్నాడు. అన్న ప్రాణం దక్కిందని నేను మైసమ్మకు కొబ్బరికాయ కొట్టాను. పనిలో శ్రద్ధ చాలలేదని ఇన్నేళ్లూ లోపల అన్ననే తప్పుబట్టాను.

మెకానిక్ వెళ్లాక గుండ్లపోచంపల్లి గోదాములో ఉన్న అన్నకు ఫోన్ చేశాను. "నాయిన బ్యాటరీ కొత్తదాన్ని గుంజుకుంటదని గప్పుడే తెల్సా అన్నా నీకు?"

"తెల్వకుంట ఉంటదా చెల్లె? నువ్వు ఏడుస్తుంటివి. ఒక్క పూటకు నడుస్తదేమో అనుకున్న. ఇగ పెట్టేయ్, లారీ వచ్చింది."

క్షమించమని అడగలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట నా మనసునైతే తేలిక చేస్తుందేమో గానీ, అన్న భుజం మీది మూటను చేయదు.