నేను పుట్టించిన డాక్టరు

శానా ఏండ్లుగా నా గొంతులో ఒకటి అడ్డం పడి ఉండాది. కక్కలేను, మింగలేను. నీకు చెప్తాండా. నా పేరు మాత్రం అడగొద్దు.

నేను కడపలో విలేకరిని. ఎండాకాలం వస్తే మా పత్రికలోళ్లకు బీరు మీద రాయకపోతే పొద్దుపోదు. ఒకడు నురుగు గురించి అర పేజీ రాస్తాడు. ఇంకొకడు చేదులో రకాలు చెప్తాడు. డీలరు ఊరికే పంపిన సీసాలు తాగి రాసిన ఆ రాతల కింద పేరు కూడా వేసుకుంటారు, సిగ్గులేనోళ్లు. వాళ్లను తిట్టే అర్హత నాకు యాడిది? వాళ్లు తాగన్నా తాగినారు.

నేను చుక్క ముట్టను. చర్చికి పోయే ఇంట్లో పుట్టినోణ్ని. అయినా ఒక ఎండాకాలం, డీలరు మా ఆఫీసుకు వచ్చి పోయినాక, బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరిగిపోతాయని రాసినా. టీ అంగళ్లలో అందరూ చెప్పుకునే మాటే అది. ఉప్పునీళ్ల సీమ, రాళ్లు లేని ఇల్లు యాడుంది? ఉత్త మాటైతే అచ్చులో నిలబడదని ఒక డాక్టరును పుట్టించినా. ఆయనకు హైదరాబాదులో ఆస్పత్రి కూడా కట్టిచ్చినా.

మా వీధిలో రత్నమన్న ఉండాడు. బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని. మా చర్చిలో పెద్ద. వైన్ షాపు ఎదురైతే రోడ్డు దాటి పోయే మనిషి. ఆయనకు కిడ్నీలో రాళ్లు. ఆపరేషనంటే భయం. పేపరు పట్టుకొచ్చి ఇది నిజమేనా అని అడిగితే, మందనుకోని తాగు అన్నా, అని చెప్పినా.

ప్రార్థన చేసుకోని, కండ్లు మూసుకోని కొన్ని నెలలు రోజూ తాగినాడు. మత్తులో నొప్పి తెలీలేదు. ఆస్పత్రికి పోయేసరికి ఒక కిడ్నీ పాడైపోయింది. తీసేసినారు.

ఆయన్ను చూడ్డానికి ఆస్పత్రికి పోయినా. నిజం చెప్పాలనే పోయినానా, లేక డాక్టరు ఎవరని ఆయన ఎవరితోనన్నా అడిగించినాడేమో కనుక్కుందామని పోయినానా, ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకు తేలలేదు. మంచంలో నుంచే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమనుకోవద్దప్పా. నువ్వు మంచికే రాసినావు. చర్చిలో తెలుస్తాదేమోనని నేనే సగంలో మానుకున్నా. పూర్తిగా తాగింటే కరిగిపోయిండేవి."

"సరేలేన్నా, పడుకో," అన్నా.

తప్పు చేసింది నేను. క్షమించమన్నది ఆయన. నేను పెద్దమనిషి మాదిరి క్షమించేసి, బయటికొచ్చి టీ తాగినా. ఇంతకంటే నీచం ఏముంటాది?

ఇప్పుడు రత్నమన్న తిరుగుతాండాడు, ఒక్క కిడ్నీతో. వీధిలో ఎవరికి నడుములో పోటు వచ్చినా, చర్చి భయం కూడా వదిలేసి, పిలిచి బీరు తాగమని చెప్తాడు. నా మాదిరి సగంలో మానొద్దు, పెద్ద డాక్టరు చెప్పినాడు, మనోడే రాసినాడు అని. నేను పక్కనుంటే తలూపుతా. మొన్న కూడా ఊపినా.

ఆ డాక్టరు లేడు. ఎప్పుడూ లేడు. ఈ మాట నా నోట్లో నుంచి బయటికి రావడం ఇదే మొదలు. గొంతు కొంచెం వదులైనట్టుంది. దానికే హాయిగా ఉందే, నా బతుకు మీద ఉమ్మెయ్యాల.

రత్నమన్నకు ఇంకా చెప్పలేదు.