తాడు మీద బాణం ఉంది

నేను దాచింది ఒక్క మాటే. ఆ రోజు విల్లు విరిగినప్పుడు తాడు మీద బాణం ఉంది. అది తెలిసింది నాకొక్కడికే. అడిగిన వాళ్ళందరికీ లేదని చెప్పాను. మా మామకు కూడా అలాగే చెప్పాను, ఆయన మొఖం నుంచి రక్తం కారుతుండగా. మామ అంటే నా భార్య తండ్రి. ఎమ్మిగనూరులో పరుపులు కుట్టేవాడు.

మేం దూదేకులవాళ్ళం. మా నాన్న కాలానికే మా ఇంట్లో ఆ పని పోయింది. నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరాను. మామ మాత్రం పని వదల్లేదు. మనిషంత పొడవున్న విల్లు పైనుంచి వేలాడదీసి, నరపు తాడును చెక్క గుండుతో కొడుతుంటే దూది పొగలాగా లేచేది. ఆ మోత వీధి చివరికి వినిపించేది.

నాకు బాణాల విల్లు చేయాలనే పిచ్చి ఫోన్లో వీడియోలు చూసి పట్టుకుంది. కట్టెను ఆవిరిలో ఉడికించి వంచడం చూశాను. మిల్లులో పారేసిన ఇనుప గొట్టం తెచ్చి పెరట్లో పెట్టాను. ఒక కొసన చెక్క బిరడా, రెండో కొసన తడిగుడ్డ. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద డేగ్చా మూతకు బెజ్జం కొట్టి, రబ్బరు గొట్టంతో ఆవిరి అందులోకి పంపేవాడిని. కట్టె లోపల గంటకు పైగా ఉడకాలి. బయటికి తీశాక అరనిమిషంలో అచ్చుకు ఆనించి క్లాంపులు బిగించాలి. ఆ అరనిమిషం దాటితే కట్టె మళ్ళీ మొండికేస్తుంది.

మామ నెలకు రెండుసార్లు బస్సులో వచ్చి అరుగు మీద కూర్చుని చూసేవాడు. నేను గోనెగండ్ల రైతు దగ్గర తెచ్చిన పాత బండి నొగను చీలుస్తున్నప్పుడు దగ్గరికొచ్చి గోటితో తట్టాడు.

"ఇది ఎన్నేండ్ల తుమ్మప్పా?"

"ముప్పై ఏండ్లుంటాది. రాయి మాదిరి ఉంది సూడు."

"అదే సెప్తాండా. రాయి ఆవిరి తాగదు. కొంచెం పచ్చి ఉన్న కట్టె తేపో. ఇది వంగినట్టే వంగి మోసం సేస్తాది."

"మామా, నువ్వు పోయి పరుపులు కుట్టుకో. ఇది ఫోన్లో నేర్సుకున్న పని."

"ఫోన్లో కట్టె ఇరిగితే మన మొగానికి తగలదులే," అని నవ్వాడు. నా భార్య కూడా నవ్వింది. ఆమె నవ్వడం నాకు నచ్చలేదు. ఆ కట్టెతోనే చేయాలని ఆ నిమిషమే నిశ్చయించుకున్నాను.

పై కొమ్మ, అంటే విల్లు పై సగం, వంచేటప్పుడు చిట్ అని వినిపించింది. వంపు బయటివైపు వెంట్రుకంత పెచ్చు లేచింది. అక్కడితో ఆ కట్టెను పొయ్యిలో పెట్టాలి. కానీ ఎమ్మిగనూరు నుంచి ఒక ప్రైవేటు స్కూలు డ్రిల్లు సారు ఆ ఆదివారం విల్లు చూడ్డానికి వస్తానన్నాడు. బాగుంటే పిల్లలకు అన్నీ నా దగ్గరే చేయిస్తానన్నాడు. నేను పెచ్చు కింద జిగురు పోసి, రంపపు పొట్టు అద్ది, నున్నగా రుద్దాను. దాని మీద ఎర్ర దారం వరసగా చుట్టాను. ఆ దారం కూడా మామ తెచ్చిందే, పిడికి చుట్టుకోమని ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర అడిగి మరీ.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త విల్లుకు తాడెక్కించాక మొదటి దెబ్బ చేసినవాడే కొట్టాలి. విరిగితే చేసినవాడి మొఖం మీదే విరగాలి. దూది విల్లుకు పెట్టుకున్న పద్ధతే బాణం విల్లుకూ వర్తిస్తుందని మామ అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆదివారం రానే వచ్చింది.

మిల్లు వెనక ఖాళీ జాగాలో పత్తి కుక్కిన గోనె సంచి నిలబెట్టాం. డ్రిల్లు సారు, వీధిలో పదిమంది, కాస్త ఎడంగా ఆడవాళ్ళు. విల్లు నా చేతిలో ఉంది. ఎర్ర దారం కింద ఏముందో నా బొటనవేలికి తెలుసు. నేను మామ వైపు తిరిగాను.

"మామా, నువ్వే ఎయ్యి."

"మొదటిది నీది గదప్పా."

"నువ్వుండంగా నేనా? పెద్దోనివి."

ఆయన మొఖం విప్పారింది. ఆర్నెల్లుగా నా నోటి నుంచి ఎగతాళి తప్ప వినని మనిషి. టోపీ సర్దుకుని, విల్లు అందుకుని, ఎర్ర దారం మీద వేలు రాశాడు. "సుట్టుడు బాగుండాది," అన్నాడు. నేను బాణం అందించాను. ఆయన తాడుకు తగిలించి లాగాడు.

అందరూ మొదటి నుంచీ గోనె సంచి వైపే చూస్తున్నారు. నేనొక్కడినే విల్లు వైపు చూస్తున్నాను.

దారం కిందే విరిగింది. పై కొమ్మ కొస తాడుతో సహా వచ్చి ఆయన కుడికంటికి కొట్టింది. బాణం ఎటూ పోలేదు, ఆయన కాళ్ళ దగ్గరే పడింది. జనం ఆయన వైపు పరుగెత్తారు. నేను ముందు వంగి బాణం తీసి, పక్కనున్న కట్టలో మిగతావాటి మధ్య దూర్చాను. ఆ తర్వాతే ఆయన్ని పట్టుకున్నాను. ఈ వరస ఎవరూ చూడలేదు.

"ఏమాయె, ఏమాయె?" అని సారు అరుస్తున్నాడు.

"బాణం లేకుండా తాడు వదిలినాడు సార్," అన్నాను.

ఆ మాట అప్పటికప్పుడు పుట్టింది. కానీ ఎంత బాగా అతికిందో చూడండి. బాణం లేకుండా తాడు లాగి వదిలితే ఆ ఊపంతా కట్టెకే తగిలి మంచి విల్లు కూడా ముక్కలవుతుంది. విల్లు పట్టిన వాళ్ళందరికీ మొదటి రోజే చెప్పే మాట అది. దూది ఏకేవాడి పని సరిగ్గా దానికి ఎదురు, ఉత్త తాడునే మోగించాలి. ఒక్కరు కూడా అనుమానించలేదు. సారు తల పట్టుకుని, "అయ్యో, అలవాటు," అన్నాడు.

ఆసుపత్రికి పోయే ఆటోలో మామ తల నా ఒళ్ళో ఉంది. తువ్వాలు తడిసిపోయింది.

"అప్పా, బాణం తగిలిచ్చినా గదా?"

"లేదు మామా. ఉత్త తాడు వదిలినావు."

"నువ్వు ఇచ్చినట్టు గుర్తుండాదే."

"ఇస్తాంటి, అంతలోకే వదిలినావు."

ఆయన చేయి ఎత్తి రెండో కంటితో చూసుకున్నాడు. "నలభై ఏండ్లు కొట్టిన సెయ్యి. నా మాట ఇనకుండా పోయింది సూడు," అన్నాడు.

కన్ను దక్కలేదు. నాకు మాత్రం మేలే జరిగింది. ఆయన చెప్పినట్టే కొంచెం పచ్చి ఉన్న తుమ్మ తెచ్చి ఉడికించాను. మెత్తగా వంగింది. సారు మెచ్చుకుని స్కూలుకు కావలసినవన్నీ చేయించుకున్నాడు. టీ అంగట్లో ఎవరైనా కదిపితే నేనే గొంతు పెంచి చెప్పేవాడిని. "మా మామకు విల్లిచ్చి బాణమెయ్యమంటే దూది ఏకినాడు." కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఇంకోసారి చెప్పమనేవాళ్ళు. చెప్పేవాడిని.

ఆ నవ్వు బస్సెక్కి ఎమ్మిగనూరు చేరింది. పరుపుల అంగడి దగ్గర ఆయన కనబడితే చాలు, "టుంయ్" అని దూది విల్లు మోతను నోటితో మోగించేవాళ్ళు. "ఓ సాయిబన్నా, బాణం తగిలిచ్చినావా లేదా?" అనేవాళ్ళు. ఇంట్లో నా భార్య కూడా విసుక్కునేది. "ఊరికే ఉండక ఏల పట్టుకున్నావు నాయినా? ఆయప్ప ఆర్నెల్ల కష్టం ఇరగ్గొడ్తివి." ఆయన తల వంచుకుని వినేవాడు. నేను పక్కనే కూర్చుని అన్నం తినేవాడిని.

ఒకరోజు మామ బస్సు దిగి, భుజం మీద తన దూది విల్లు మోసుకుంటూ వచ్చాడు. తాడు ఊడదీసి ఉంది. పెరట్లోకి వచ్చి పొయ్యి పక్కన పడేశాడు.

"నీ ఆవిరికి కట్టెలు గావాల గదా. బాగా ఎండింది, మండుతాది."

"ఏంది మామా ఇది?"

"దాన్ని పట్టుకుంటే సెయ్యి అదురుతాంది. ఇంట్లో ఉంటే సూడబుద్ధి గాలే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గొడ్డలి ఆయనే అందించాడు. నేనే నరికాను. డేగ్చాలో నీళ్ళు ఆ రోజు తొందరగా కాగాయి. ఆ మంట మీద ఉడికిన కట్టె చాలా చక్కగా వంగిందని నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన పక్కన కూర్చుని, దాని బయటివైపు బొటనవేలితో కొస నుంచి కొస దాకా తడిమి, "యాడా లేయలేదు," అన్నాడు. "పెచ్చు లేస్తే మాత్రం పారెయ్యప్పా. అతికిచ్చి ఎవురికీ ఇయ్యద్దు." తెలిసి అన్నాడా అని ఆయన మొఖంలోకి చూశాను. తెలియదు. ఊరికే పని తెలిసినవాడి మాట అది.

ఈ యేడు మా పెద్దమ్మాయికి కొడుకు పుట్టాడు. మా రెండిళ్ళలో ఏ బిడ్డ పుట్టినా ఉయ్యాల తొట్టిలోకి చిన్న పరుపు మామే కుట్టేవాడు, బిడ్డను మొదట ఆయనే ఎత్తుకుని దాని మీద పడుకోబెట్టేవాడు. ఈసారి పరుపు అంగట్లో కొన్నాం. తొట్టి వేసే రోజు వీధి వీధంతా వచ్చింది, టీ అంగడి వాళ్ళతో సహా. నా భార్య బిడ్డను తెచ్చి తండ్రికి అందించబోయింది. ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకియ్యద్దు మే."

"అదేంది నాయినా?"

"నా సెయ్యి సెప్పకుండా ఇడిసేస్తాది. నీకు తెలుసు గదా."

వెనక నుంచి ఎవరో "టుంయ్" అన్నారు. నలుగురు నవ్వారు. నా భార్య నవ్వలేదు. ఆయన వెనక్కి పెట్టుకున్న చేతుల్లో ఎడమది కుడిదాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని ఉంది, దొంగను పట్టుకున్నట్టు.

నేను గదిలోకి పోయాను. అటక మీద మిల్లు సామాన్ల కింద విరిగిన పై కొమ్మ ఉంది. ఎందుకు దాచానో చెప్పలేను, కాల్చడానికి మాత్రం చేయి రాలేదు. ఎర్ర దారం విప్పేసి తెచ్చి, మామ కుడిచేయి ముందుకు లాగి అందులో పెట్టాను. ఆయన బొటనవేలు తనంతట తానే కదిలింది. పెచ్చు దగ్గర ఆగింది. జిగురు మీద రెండుసార్లు ముందుకూ వెనక్కూ పోయింది.

నేను ఆయన చెవి దగ్గర వంగి చెప్పాను.  ఆయన మిగిలిన కంటితో నన్ను చూశాడు.

"సెవిలో ఏల సెప్తాండావు? టీ అంగట్లో ఎంత గొంతుతో సెప్పినావో అంత గొంతుతో సెప్పు."

నా భార్య బిడ్డను ఎత్తుకుని నా ఎదురుగానే నిలబడి ఉంది. నవ్విన నలుగురూ ఉన్నారు. నేను నిటారుగా నిలబడ్డాను.

"ఆ పొద్దు తాడు మీద బాణం ఉన్నింది. నేనే తీసి దాసినా. కట్టె నా సేతిలోనే పెచ్చు లేసింది. జిగురు పూసి దారం సుట్టి, నాకు తగలకూడదని మా మామకిచ్చినా. ఆయప్ప సెయ్యి ఏ తప్పూ సేయలే. అబద్ధం సెప్పింది నేను, మీతో నవ్విచ్చింది నేను. మామా, తప్పు నాది. నన్ను మాఫ్ సెయ్యి."